కాలుష్యం

పర్యావరణ అధ్యయనం తొలి పాఠాల్లోనే కళాశాల విద్యార్థికి ఎదురయ్యే ‘కాలుష్యం’ సంస్కృతంలోని ‘కలుష’ శబ్దం నుంచి ఏర్పడింది. కలుషమంటే కలకబారినది, బురద కలిసినది అని అర్థం కాగా, కావ్యాల్లోనూ స్తోత్రాల్లోనూ దానికి పాపమనే అర్థం కూడా స్థిరపడింది. కలక కంటికి కనిపించే దోషం, ఇంట్లోనే తగ్గించుకోదగిన దోషం: చిల్లగింజను కుండ లోపలి వైపున అరగదీసి, నీరు పోసి కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు చేరి పైనీరు తేటపడుతుంది.

హైదరాబాదులోని బాలానగర్ వంటి పారిశ్రామిక వాడలో ఈ పాత అర్థం చాలదు. లోహపు వస్తువులకు విద్యుత్తు సాయంతో క్రోమియం పూత వేసే పనిలో వెలువడే నీటిలో షట్‌సంయోజక క్రోమియం, అంటే ఆ లోహపు అత్యంత విషపూరితమైన రూపం, కరిగి ఉంటుంది; నదులు, చెరువుల్లోకి వదిలే వ్యర్థజలంలో దానికి అనుమతించిన పరిమితి లీటరుకు 0.1 మిల్లీగ్రాము మాత్రమే కాగా, దానిని మించిన నీరు కూడా తేటగానే కనిపించవచ్చు, చిల్లగింజకు లొంగదు. ఈ ప్రాంతపు పారిశ్రామిక వ్యర్థాలను కూకట్‌పల్లి నాలా దశాబ్దాలపాటు హుస్సేన్‌సాగర్‌లోకి మోసింది. 1974 నాటి జల చట్టం నీటి భౌతిక, రసాయనిక, జీవ లక్షణాల్లో హానికరమైన మార్పునంతటినీ కాలుష్యంగా నిర్వచించినందున, తేటనీటిని సైతం కలుషితమనడం శాస్త్రరీత్యా, చట్టరీత్యా సరైన ప్రయోగమైంది. ధ్వని కాలుష్యం, కాంతి కాలుష్యం అనే సమాసాల్లోనైతే నీటి ప్రసక్తే మిగలలేదు.