కిందపడితే పేలుతుందిట!

"చేతిసంచిలో చిన్న పిస్తోలా? కిందపడితే పేలుతుందిట!" మా కల్హేర్‌లో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఇది ఉత్త పుకారేం కాదండీ. 1873 నాటి కోల్ట్ రివాల్వర్‌లో సుత్తి తూటా మీదే ఆని ఉండేది. గట్టిదెబ్బ తగిలితే పేలేది. అందుకే తెలిసినవాళ్లు ఆరు గదుల్లో అయిదే నింపి, సుత్తి కింది గది ఖాళీగా ఉంచేవారు. తర్వాత వచ్చిన చాలా రివాల్వర్లలో మధ్యన అడ్డుపలక పెట్టారు. ట్రిగ్గర్ నొక్కితే తప్ప అది తొలగదు.

2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం ఆడవాళ్ల కోసమంటూ 'నిర్భీక్' రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో, అప్పట్లో ధర రూ.1,22,000 పైచిలుకు! లైసెన్సు సరేసరి. అంత పెట్టి కొన్నా, ట్రిగ్గర్ మీద పడే వేలు మనదో, బీరువా తెరిచిన పసివాడిదో ఆ తుపాకికి తెలియదు కదా! నాకైతే భయం అక్కడే.