ప్రత్యేక వ్యాసం: వెదురుకు పుచ్చు – సహజ రక్షణ స్వల్పం, నరికే కాలమే కీలకం

మరిపెడ (మహబూబాబాద్ జిల్లా): పందిళ్లకు, నిచ్చెనలకు, బుట్టలకు, చాటలకు గ్రామీణ ప్రాంతాలలో నేటికీ వెదురే ఆధారం. గట్టి బొంగుకు పురుగు పట్టదనే అభిప్రాయం ప్రజలలో ఉన్నది. ఇది పాక్షికంగా మాత్రమే నిజం.

టేకు చేవలో పురుగులను నిరోధించే రసాయనాలు సహజంగానే ఉంటాయి. వెదురులో అటువంటివి దాదాపుగా లేవు. అందువలన శుద్ధి చేయని వెదురు నేలలో పాతినప్పుడు సాధారణంగా 1 నుండి 3 సంవత్సరాలు, కప్పు క్రింద 4 నుండి 7 సంవత్సరాలు మాత్రమే మన్నుతుంది.

పురుగు పట్టుటకు కారణం

వెదురు పైపొరలో ఇసుక జాతికి చెందిన సిలికా, మైనం ఉండుట వలన పురుగు ఆ వైపు నుండి సులభంగా ప్రవేశించలేదు. నరికిన కొనలు, కణుపుల వద్ద గాట్లు, లోపలి గోడ దాని ప్రవేశ మార్గాలు. డైనోడెరస్ జాతికి చెందిన, సుమారు 3 మిల్లీమీటర్ల పొడవు గల పెంకు పురుగు బొంగును తొలిచి గుడ్లు పెడుతుంది. వెదురులోని పిండి పదార్థమే దాని పిల్ల పురుగులకు ఆహారం. బొంగు క్రింద సన్నని పొడి రాలుట దీనికి గుర్తు. చెదలు మాత్రం పిండి పదార్థంతో నిమిత్తం లేకుండా నేల నుండి ఎక్కి బొంగును తినివేస్తాయి.

పాటించవలసిన జాగ్రత్తలు

వేసవిలో బొంగులో పిండి పదార్థం అధికంగా నిల్వ ఉంటుంది. వానాకాలంలో కొత్త పిలకల ఎదుగుదలకు అది ఖర్చవుతుంది. కావున వర్షాలు ముగిసిన పిదప, 3 సంవత్సరాలు నిండిన బొంగులను నరకుట శ్రేయస్కరం. లేత బొంగులను విడిచిపెట్టవలెను.

నరికిన బొంగులను 4 నుండి 12 వారాలు నీటిలో నానవేసినచో పిండి పదార్థం చాలావరకు తగ్గి పుచ్చు అదుపులో ఉంటుంది. అయితే ఈ పద్ధతి చెదలను ఆపలేదు. బోరిక్ ఆమ్లం 1 పాలు, బోరాక్స్ 1.5 పాళ్లు కలిపిన ద్రావణంలో నానబెట్టుట మరింత మేలు. ఈ మందు వాన నీటికి కొట్టుకుపోతుంది కనుక కప్పు క్రింద వాడే వెదురుకే ఇది తగినది. నిర్మాణాలకు వాడే వెదురు శుద్ధి విధానాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 9096లో నిర్దేశించినది.

మేదరుల జీవనోపాధి

పుచ్చిన బొంగు మేదరి కుటుంబానికి కేవలం ముడిసరుకు నష్టం కాదు, దానిపై వెచ్చించిన రోజుల కూలి కూడా నష్టమే. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించినది. 2017లో అటవీ చట్టానికి జరిగిన సవరణతో అడవి వెలుపల పెంచిన వెదురు చెట్ల నిర్వచనం నుండి తొలగినది. దీనితో రైతులు పొలం గట్లపై పెంచిన వెదురును నరికి అమ్ముకొనుట సులభమైనది.

వెదురు కొనుగోలు చేసే కార్యాలయాలు ధర, పొడవులతో పాటు నరికిన నెల, బొంగు వయస్సు, శుద్ధి వివరాలను కూడా అడిగినచో ప్రజాధనం ఆదా కాగలదు. శ్రద్ధతో పనిచేసే మేదరులకు తగిన ధర లభించగలదు.