తేట నీరంతా మంచినీరు కాదు: విష పరీక్షల్లోని అంకెల అర్థమిదీ!

వెలుగోడు: నీటిలో పురుగు మందు అవశేషం ఉన్నదీ లేనిదీ కంటిచూపుతోనో, రుచితోనో తేల్చడం సాధ్యం కాదు. నల్లమల అంచున గాలేరుపై నిర్మించిన వెలుగోడు జలాశయం నిల్వ సామర్థ్యం 16.95 టి.ఎం.సి.లు. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బానకచర్ల మీదుగా వచ్చే కృష్ణా జలాలు ఇక్కడ నిలిచి తెలుగుగంగ కాలువలోకి సాగుతాయి. 1983 నాటి ఒప్పందం మేరకు 1996లో తొలిసారిగా చెన్నై తాగునీటి కోసం పూండికి చేరింది ఈ మార్గంలోని నీరే. ఆయకట్టు పొలాల్లోని మురుగు నీరు కుందూలో, అక్కడి నుంచి పెన్నాలో కలుస్తుంది. సోమశిల జలాశయం ఉన్నది ఆ పెన్నాపైనే. అంటే ఇక్కడి చేలో చల్లిన మందు ప్రభావం ఇక్కడితో ఆగిపోదు. ఈ నేపథ్యంలో నీటి పరీక్షలు ఎలా జరుగుతాయో, నివేదికలోని అంకెలకు అర్థమేమిటో ప్రజలు తెలుసుకోవడం అవసరం.

కిట్‌తో తెలిసేదెంత?

2019లో ప్రారంభమైన జల్‌ జీవన్‌ మిషన్‌ కింద గ్రామానికి అయిదుగురు మహిళలకు చొప్పున నీటి పరీక్షల్లో శిక్షణ ఇవ్వాలని నిర్దేశించారు. వారు వాడే కిట్‌తో పీహెచ్‌, కాఠిన్యం, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము వంటివి అక్కడికక్కడే తెలుస్తాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో నైట్రేటు 45 మిల్లీగ్రాములు మించరాదు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు.

పురుగు మందుల అవశేషాలు ఈ కిట్లకు చిక్కవు. మోనోక్రోటోఫాస్‌కు తాగునీటిలో పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. 36 శాతం మందు 5 మిల్లీలీటర్లలో అసలు విషం సుమారు 2 గ్రాములుంటుంది. లెక్క ప్రకారం 20 లక్షల లీటర్ల నీటిని ఆ పరిమితికి చేర్చడానికి అది చాలు. ఇంత సూక్ష్మ పరిమాణాన్ని పసిగట్టాలంటే ప్రయోగశాలలోని క్రొమటోగ్రఫీ యంత్రాలే శరణ్యం. కాగా ఈ 36 శాతం మందుపై కేంద్రం 2023లో నిషేధం విధించింది.

ఏలూరు నేర్పిన పాఠం

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ప్రజలు మూర్ఛ, కళ్లు తిరగడం వంటి లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. బాధితుల రక్త నమూనాల్లో సీసం, నికెల్‌ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్‌ గుర్తించింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐ.ఐ.సి.టి. తదితర సంస్థలు సైతం పరీక్షలు జరిపాయి. పురుగు మందుల అవశేషాలే కారణం కావచ్చని, అవి శరీరంలోకి ఎలా చేరాయో తేల్చేందుకు దీర్ఘకాల అధ్యయనం అవసరమని నిపుణులు అభిప్రాయపడ్డారు. ఆపద వచ్చాక తీసిన నమూనాను దేనితోనైనా పోల్చాలంటే అంతకుముందు నెలల అంకెలు చేతిలో ఉండాలి. నెలనెలా నమూనాలు తీసి అంకెలు నమోదు చేయడం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇదే.

ఎంత మోతాదు విషం?

ఒక రసాయనం ఏ మోతాదులో ప్రాణాంతకమో తేల్చేదే విష పరీక్ష. పరీక్షకు గురైన జీవుల్లో సగం మరణించే మోతాదును ‘ఎల్‌.డి.50’ అంటారు. దీన్ని 1927లో బ్రిటన్‌ శాస్త్రవేత్త ట్రెవాన్‌ ప్రతిపాదించారు. మందు డబ్బాలపై కనిపించే రంగు త్రికోణాలకు ఆధారం ఈ అంకెే. నోటి ద్వారా శరీరంలోకి వెళ్లినప్పుడు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే ప్రాణాంతకమైతే ఎరుపు, 51 నుంచి 500 అయితే పసుపు, 501 నుంచి 5000 అయితే నీలం, ఆపైన ఆకుపచ్చ.

నీటిలోని విషానికి ‘ఎల్‌.సి.50’ కొలమానం. చేపలను కనీసం అయిదు వేర్వేరు గాఢతలు గల నీటిలో 96 గంటలు ఉంచి పరిశీలిస్తారు. డాఫ్నియా అనే నీటి పురుగులకు 48 గంటలు చాలు. పోల్చి చూడటానికి మందు కలపని తొట్టి తప్పనిసరి. మనుషుల విషయంలో లెక్క మరింత కఠినం. జంతువుల్లో ఏ హానీ కనిపించని మోతాదును సాధారణంగా నూరుతో భాగించి సురక్షిత పరిమితిని నిర్ణయిస్తారు.

లెక్క కట్టేది కంప్యూటరు

మోతాదు పెరిగేకొద్దీ మరణాల శాతం మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా పెరిగి, చివరకు నూరు వద్ద నిలుస్తుంది. ఈ వంపు గీతను సరళరేఖగా మార్చి సగం మోతాదును రాబట్టే ‘ప్రాబిట్‌’ పద్ధతిని 1934లో అమెరికాకు చెందిన బ్లిస్‌ రూపొందించారు. నాడు పట్టికలు ముందేసుకుని చేతితో కట్టిన లెక్కను నేడు ‘ఆర్‌’, ‘పైథాన్‌’ అనే కంప్యూటరు భాషలు క్షణాల్లో తేలుస్తున్నాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌ తొలి పూర్తిస్థాయి రూపం 2000లో విడుదలైంది. మోతాదు, ప్రభావాల లెక్కలకు అందులో ‘డి.ఆర్‌.సి.’ అనే ప్రత్యేక ప్యాకేజీ ఉంది. వేలాది రసాయనాలను కణాలపై పరీక్షించే అమెరికా పర్యావరణ సంస్థ ‘టాక్స్‌కాస్ట్‌’ కార్యక్రమం సైతం తన ఫలితాలను ఆర్‌లోనే విశ్లేషిస్తోంది.

ఇవి రెండూ ఉచితం. డిగ్రీ కళాశాల విద్యార్థి సైతం దింపుకుని వాడుకోవచ్చు. లెక్కలోని ప్రతి మెట్టూ వరుసగా రాసి ఉంటుంది కనుక అవే అంకెలతో మరొకరు సరిచూడవచ్చు. అయితే నమూనా సరిగా తీయకపోయినా, మిల్లీగ్రాముకు బదులు మైక్రోగ్రాము అని రాసినా ఏ కంప్యూటరూ ఆ తప్పును దిద్దలేదు.

గమనించాల్సినవి

* పురుగు మందుల పరీక్షకు నీటిని ముదురు గోధుమ రంగు గాజు సీసాలో పట్టి, చల్లగా ఉంచి, జాప్యం లేకుండా ప్రయోగశాలకు చేర్చాలి. పాత మందు సీసాలు, శీతల పానీయాల సీసాలు వాడరాదు.

* నివేదికలో అంకెతో పాటు కొలమానం, పరీక్ష పద్ధతి, యంత్రం పసిగట్టగల కనిష్ఠ పరిమాణం ఉన్నాయో లేదో చూడాలి. ‘గుర్తించబడలేదు’ అంటే ‘అసలు లేదు’ అని అర్థం కాదు. ఆ కనిష్ఠ పరిమాణం కన్నా తక్కువ ఉందని మాత్రమే.

* ఖాళీ మందు డబ్బాలను, పిచికారీ యంత్రాలను కాలువల్లో, కుంటల్లో కడగరాదు.

* ఏ పంటకు ఏ మందు ఎంత వాడాలో 1906 నుంచి సేవలందిస్తున్న నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను అడిగి తెలుసుకోవడం మేలు. నీటిలో కలిశాక వెతకడం కన్నా కలవకుండా చూడటమే తేలిక.