పారే నీటి నుంచి ప్రోగ్రాం దాకా: 'రన్' అనే క్రియ చరిత్ర

ఇంగ్లిషు లిపిలో మూడే అక్షరాలున్న క్రియ 'రన్'. ఆరో తరగతి పిల్లవాణ్ణి అడిగినా దీనికి అర్థం 'పరుగెత్తు' అని ఠక్కున చెబుతాడు. ఆ జవాబులో తప్పేమీ లేదు. అయితే అదే విద్యార్థి ఇంటర్మీడియట్‌లో చేరి భౌతికశాస్త్రం ఇంగ్లిషు పుస్తకం తెరుస్తాడు. మోటారును పది నిమిషాలు 'రన్' చేశారని ఒకచోట, తీగ ఉత్తర దక్షిణాలుగా 'రన్' అవుతోందని మరోచోట ఉంటుంది. అక్కడ ఆగిపోతాడు. తీగ ఎక్కడికి పరుగెత్తుతుంది? లెక్క చేయడం వచ్చి కూడా ప్రశ్న అర్థంకాక మార్కులు పోగొట్టుకున్నవారిని, ముఖ్యంగా తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారిని, చాలామందిని చూశాను. విజ్ఞానశాస్త్రం బోధించే నేను ఈ పాఠంలో ఒక మాట చరిత్ర చెప్పడానికి కారణం అదే.

ముందుగా మాట పుట్టుక చూద్దాం. 'రన్'కు మూలం ప్రాచీన ఆంగ్లంలోని 'రిన్నన్'. ఇంగ్లండుకు వచ్చి స్థిరపడిన స్కాండినేవియా ప్రజల 'రెన్నా' కూడా దీనికి బలం చేకూర్చింది. దీని దాయాది జర్మన్ భాషలోని 'రిన్నెన్'. ఆ మాటకు ఈనాటికీ 'ద్రవం పారడం, కారడం' అనే అర్థం ఉంది. కాళ్లతో పరుగెత్తడానికి జర్మన్లకు 'రెన్నెన్' అని వేరే మాట ఉంది. అంటే ఈ కుటుంబంలో కాళ్ల పరుగూ నీటి పరుగూ మొదటినుంచీ కలిసే ఉన్నాయన్నమాట. ఇంగ్లిషులో కుళాయి 'రన్' అవుతుంది, ముక్కు 'రన్' అవుతుంది, ఉతికితే చీర రంగు కూడా 'రన్' అవుతుంది. ఇవి తర్వాత వచ్చిన అలంకారాలు కావు, పాత అర్థానికి దగ్గరి చుట్టాలే.

ఇది మనకు వింతగా తోచనక్కర్లేదు. తెలుగులో 'పారు' అనే క్రియను చూడండి. ఏరు పారుతుంది. దొంగ పారిపోతాడు. ప్రాచీన తెలుగులో బండి 'ఱ'తో రాసిన 'పాఱు'కు ప్రవహించడం, పరుగెత్తడం రెండూ అర్థాలే. నీటిపారుదల శాఖ పేరులో ఒక అర్థం మిగిలింది, పారిపోవడంలో రెండోది మిగిలింది. రెండు భాషలకూ చుట్టరికం లేదు, అయినా నీళ్లనూ కాళ్లనూ ఒకే చూపుతో చూశాయి.

ఆ తర్వాత యంత్రాలు వచ్చాయి. నా దృష్టిలో ఈ మాట జాతకం మార్చినవి అవే. ఆవిరియంత్రం, మిల్లు, రైలు కదిలినప్పుడల్లా వాటి కదలికకు ఇంగ్లిషు వారికి ఓ మాట కావలసి వచ్చింది. ఆగకుండా, ఒకే తీరున సాగే ప్రవాహాన్ని చెప్పే 'రన్' చేతికందింది. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు 34 కిలోమీటర్లు మన దేశపు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. రైళ్లతోపాటు ఈ మాట కూడా మన ఉద్యోగాల్లోకి వచ్చింది. రైలు నడిపే సిబ్బంది డ్యూటీ దిగి నిద్రపోయే గదిని రైల్వేలో 'రన్నింగ్ రూం' అంటారు. పరుగు పేరున్న గదిలో పడక ఉంటుంది! యంత్రాన్ని నడిపేవాడు మిల్లును, ఆపైన వ్యాపారాన్ని 'రన్' చేయడం మొదలుపెట్టాడు.

ఈ విస్తరణ ఎంత జరిగిందో నిఘంటువులు చెబుతాయి. లండన్ ఫిలలాజికల్ సొసైటీ 1857లో తలపెట్టిన మహా నిఘంటువే తర్వాత ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ అయింది. జేమ్స్ మర్రే 1879లో సంపాదకత్వం చేపట్టాడు. పాఠకులు పుస్తకాల్లోంచి వాక్యాలు ఏరి, చీటీల మీద రాసి పంపేవారు. తొలి భాగం 1884లో వెలువడింది. మర్రే 1915లో కన్నుమూశాడు, పని 1928లో గానీ పూర్తి కాలేదు. అందులో అతి పొడవైన పద్దు 'సెట్' అనే క్రియది. 1989 నాటి రెండో ముద్రణలో దానికి 430 అర్థాలు. 2011 వచ్చేసరికి 'రన్' దాన్ని దాటిపోయింది. ఈ ఒక్క క్రియను సవరించడానికి నిఘంటుకారుడు పీటర్ గిలివర్‌కు తొమ్మిది నెలలకు పైగా పట్టింది. తేలిన అర్థాలు 645. వాటిని బట్టీపట్టమని ఏ విద్యార్థికీ నేను చెప్పను. పారడం, ఆగకుండా సాగడం, సాగేలా చేయడం అనే మూడు మెట్లు పట్టుకుంటే చాలావాటిని ఊహించవచ్చు. తీగ 'రన్' కావడమంటే మన కంటిచూపు దాని వెంట సాగడమే. మనం కూడా 'ఈ రోడ్డు విజయవాడ పోతుంది' అంటాం, రోడ్డు కదలకపోయినా.

ఇక ఇంగ్లిషు వారు పరుగెత్తించే పనులను మన భాషలు నింపాదిగా చేయిస్తాయి. తెలుగులో దుకాణం నడుపుతాం, బడి నడుపుతాం, సంసారమూ నడుపుతాం. హిందీలోనూ అంతే, దుకాణాన్ని 'చలానా' చేస్తారు. అమెరికాలో ఎన్నికల అభ్యర్థి 'రన్' చేస్తాడు, బ్రిటన్‌లో 'స్టాండ్' అవుతాడు, మన ఊళ్లో నిలబడతాడు. ఒక్క క్రికెట్‌లో మాత్రం మనం 'పరుగు' అని మాటకు మాట అనువదించుకున్నాం. బంతి బౌండరీ దాటాక ఎవరూ కాలు కదపకపోయినా నాలుగు పరుగులే.

1948 జూన్ 21న మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఓ కంప్యూటర్ తన జ్ఞాపకంలోనే దాచుకున్న ప్రోగ్రాంను తొలిసారి అమలు చేసింది. 52 నిమిషాలపాటు ఒక సంఖ్య కారణాంకాల కోసం వెతికింది. అక్కడ చక్రం తిరగలేదు, పిస్టన్ ఆడలేదు. అయినా ఇలాంటి పనికి కూడా ఇంగ్లిషులో 'రన్' అనే మాటే స్థిరపడింది.

కంప్యూటర్లతోపాటు ఆ మాట తెలుగులోకీ వచ్చింది, కానీ మన వ్యాకరణం ప్రకారమే వచ్చింది. ఇంగ్లిషులో మోటారు తానే తిరిగినా, మనిషి దాన్ని తిప్పినా క్రియ రూపం ఒక్కటే. తెలుగువాడు దాన్ని రెండుగా విడదీశాడు. ప్రయోగశాలలో 'మోటార్ రన్ అవుతోంది సార్' అంటాడు విద్యార్థి. 'ఎవరు రన్ చేశారు?' అని అడిగితే 'నేనే చేశాను సార్' అంటాడు. 'అవు', 'చేయు'ల తేడా అతనికి ఏ పాఠంలోనూ ఎవరూ చెప్పలేదు.