బందరు రేవులో మేమెటువైపు?

బంటుమిల్లి నుంచి పెడన మీదుగా బందరు వెళితే పేటల పేర్లలోనే చరిత్ర ఎదురవుతుంది. వలందపాలెం డచ్చివాళ్లది. పరాసుపేట ఫ్రెంచివాళ్లది. ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పనక్కర్లేదు. అసలు బందరు అన్నదే పారశీక మాట, రేవు అని అర్థం. పరాయివాళ్లంతా వచ్చారు, దోచుకున్నారు అని ఒకే గాటన కట్టి చెప్పే చరిత్రలో మమ్మల్ని కూడా ఆ తెల్లవాళ్ల ఓడల్లోనే ఎక్కించేస్తారు. కాబట్టి ఆ రేవులో ఎవరు ఎవరితో ఒప్పందం చేసుకున్నారో ఒకసారి చూద్దాం.

యూరపు కంపెనీలు రాకముందే బందరు ఓడలు పెగూకీ, ఆచేకీ, ఎర్రసముద్రానికీ పోయేవి. సరుకుతో పాటు హజ్ యాత్రికులూ వెళ్లేవారు. డచ్చివాళ్లు 1605లో వచ్చి, మరుసటేడు గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా అనుమతితో కోఠీ పెట్టుకున్నారు. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఇంగ్లీషువాళ్లు దిగారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వాళ్లకు బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు సుంకం కట్టి గోల్కొండ రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చు. 1669లో ఫ్రెంచివాళ్లూ ఫర్మానా పుచ్చుకున్నారు. అడిగినవాళ్లు వాళ్లు, ఇచ్చింది ఇక్కడి రాజ్యం.

వాళ్లకు కావలసింది మన బట్ట. అది చేతిలో లేకపోతే తూర్పు దీవుల్లో వాళ్లకు లవంగాలు, జాజికాయలు పుట్టేవి కావు. కలంకారీ అన్న పేరు పారశీకం. చిరివేరుతో ఎరుపెక్కించిన చెయ్యి తెలుగు చెయ్యి. ఆ గుడ్డలో ఏ పోగు ఎవరిదో విడదీయగలరా?

మరి వాళ్ల రేవులు మనకు తెరుచుకున్నాయా? ఫ్రాన్సు 1686లో అద్దకం బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా అదే పని చేసింది. ఫ్రాన్సు తన నిషేధం ఎత్తేసింది 1759లో. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఇంగ్లీషు సైన్యం ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోటను పట్టుకుంది. సుంకం కట్టడానికి ఒప్పుకున్నవాడు సుంకం వసూలు చేసేవాడయ్యాడు.

దీన్ని చెప్పుకుని సుల్తానుల వైభవాన్ని నెత్తిన పెట్టుకోవాలని మాకు లేదు. గోల్కొండ కాలంలో రేవు అధికారాన్ని ఎక్కువ పాడినవాడికి ఇజారాకిచ్చేవారు. వాడు ఆ సొమ్మును వర్తకుల దగ్గరా, నేతగాళ్ల దగ్గరా పిండుకునేవాడు. 1759లో బందరు సీమను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చిన సలాబత్ జంగూ, 1766లో సర్కారు జిల్లాలను వదులుకున్న నిజాం అలీ ముస్లిములే. ఆ ఫర్మానాల్లో మా తాతలకు వాటా లేదు. వాళ్లు దూదేకారు, పరుపులు కుట్టారు, కూలికి పోయారు. నవాబు పాపం మా నెత్తిన రుద్దేవాళ్లు నవాబు ఆస్తి మాకెప్పుడు పంచారు?

అందుకే మా లెక్క వేరు. ఒప్పందంలో సంతకం ఏ మతంవాడిదని అడిగితే సగమే తెలుస్తుంది. బట్ట నేసినవాడికీ, మూట మోసినవాడికీ ఏం మిగిలిందని అడిగితే మిగతా సగం తెలుస్తుంది. ఆ రెండో ప్రశ్న దగ్గర పెడన పద్మశాలీ, బంటుమిల్లి దూదేకులా ఒకవైపే నిలబడతారు.

బందరులో కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. మళ్లీ ఓడలొస్తాయి, మళ్లీ ఒప్పందాలు రాసుకుంటారు. మమ్మల్ని ఏ ఓడలో వచ్చారని అడిగే బదులు, ఈసారి కాగితంలో మనందరికీ ఏం రాశారో కలిసి అడుగుదాం రండి.