గాలి పేరు పెట్టుకున్న రెండు దీవులు

ఆక్లండ్ నగరానికి ఎదురుగా పరచుకొన్న హౌరాకి అఖాతంలో గాలి పేరు పెట్టుకున్న దీవులు రెండున్నాయి. ఒకటి హౌతురు, మావోరీ సంప్రదాయంలో అది గాలి విశ్రమించే తావు. రెండవది తిరితిరి మతంగి. గాలి ఊపుతూ ఉండే చోటు అని దాని అర్థం. ప్రకృతి సంరక్షణలో మనుషుల స్థానమేమిటన్న ప్రశ్నకు ఒకే ప్రాంతం వందేళ్ళ వ్యవధిలో చెప్పిన రెండు భిన్నమైన సమాధానాలు ఈ దీవుల చరిత్రలో కనిపిస్తాయి.

పంతొమ్మిదవ శతాబ్దిలో అడవుల నరికివేత వల్ల, ఓడలతో వచ్చిన ఎలుకలు, పిల్లుల వల్ల న్యూజీలండ్ స్థానిక పక్షులు వేగంగా అంతరించసాగాయి. హిహి అనే చిన్న తేనెపక్షి 1880ల తరువాత హౌతురులో తప్ప మరెక్కడా మిగలలేదు. ఆ దీవిని అభయారణ్యం చేయాలని ప్రభుత్వం సంకల్పించింది. అయితే అక్కడ తరతరాలుగా మావోరీలు నివసిస్తున్నారు. 1894లో పార్లమెంటు ఇందుకోసమే ప్రత్యేక చట్టం చేసింది. 1896లో సాయుధ బలగాలు తెనెతాహి, రాహుయి దంపతులను, వారి వారిని దీవి నుంచి వెళ్ళగొట్టాయి. అక్కడి కౌరీ చెట్లను వారు కలప వ్యాపారులకు అమ్ముతున్నారన్నది ప్రభుత్వ వాదన. అందులో కొంత నిజముంది. కానీ ప్రధాన భూభాగంలో అంతకు ఎన్నో రెట్లు కౌరీ అడవులను హరించినది వలస పాలనే. ఏమైతేనేం, పక్షి బతికింది. దానిని ఎరిగిన మనుషులు నిర్వాసితులయ్యారు.

తిరితిరి మతంగి కథ వేరు. 220 హెక్టార్ల ఈ దీవిపై 1865 నుంచి దీపస్తంభం వెలుగుతున్నది. నూరేళ్ళకు పైగా సాగిన పశుపోషణ వల్ల అడవిలో అత్యధిక భాగం నశించి, లోయలలో కొన్ని చెట్లు మాత్రం మిగిలాయి. 1971లో మేత కౌలు ముగిసింది. దట్టంగా పెరిగిన గడ్డి మధ్య విత్తనాలు మొలకెత్తలేదు. అడవి దానంతట అది తిరిగి రాదని తేలినప్పుడు, ఆక్లండ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు జాన్ క్రెయిగ్, నీల్ మిచెల్ ఒక సాహసోపేతమైన ప్రతిపాదన చేశారు: చెట్లు నాటాలి, ఆ పని ప్రజల చేతనే చేయించాలి. సంరక్షణ కేంద్రాల నుంచి సందర్శకులను దూరంగా ఉంచడమే నియమమైన ఆ కాలంలో ఇది విపరీతమైన ఆలోచనే.

చివరి దీపస్తంభ రక్షకుడు రే వాల్టర్ దీవిలోనే నారుమడి నడిపాడు. 1984 నుంచి 1994 వరకు బడిపిల్లలు, ఉద్యోగులు, విశ్రాంత వృద్ధులు పడవలలో వచ్చి రెండున్నర లక్షలకు పైగా మొక్కలు నాటారు. 1988లో వారంతా ఒక సహాయక సంఘంగా ఏర్పడ్డారు. 1993లో పసిఫిక్ ఎలుకలను నిర్మూలించారు. లోపాలూ లేకపోలేదు: పొహుతుకావా చెట్లను మితిమీరి నాటినందున, వాటి దట్టమైన నీడలో ఇతర జాతులు ఎదగడం ఆలస్యమైంది.

1995లో హౌతురు నుంచి హిహి పక్షులను ఇక్కడికి తెచ్చారు. లేత అడవిలో వాటికి తేనె చాలదు, గూటికి ముదురు చెట్ల తొర్రలుండవు. అందుకే స్వచ్ఛంద సేవకులు చక్కెర నీరు పెడతారు, గూటిపెట్టెలు అమరుస్తారు. వైద్య పరిభాషలో చెప్పాలంటే రోగి కోలుకున్నాడు గాని, ఆలంబన చికిత్స ఇంకా కొనసాగుతున్నది. ఆ చికిత్స జనం లేనిదే సాగదు.

ఇక హౌతురు. 2012 నాటి పరిష్కార చట్టం ద్వారా ఆ దీవి యాజమాన్యం న్గాతి మనుహిరి తెగకు తిరిగి దక్కింది. కొద్దిపాటి నేల మాత్రం ఉంచుకొని, మిగిలినదంతా వారు దేశప్రజలకే కానుకగా ఇచ్చారు. 1896 నాటి బలప్రయోగం అనివార్యమన్న వాదనకు ఇంతకు మించిన ఖండన అక్కరలేదు. నల్లమలలో పులుల రక్షణకూ చెంచుల నివాసానికీ నడుమ నలుగుతున్న వివాదాన్ని ఎరిగిన తెలుగువారికి ఈ చరిత్ర కొత్తగా తోచదు.

2020లో ఆక్లండ్ నగరపాలన ఆమోదించిన వాతావరణ ప్రణాళికకు కూడా గాలుల దేవత తాఫిరి పేరే పెట్టారు. కర్బన ఉద్గారాలను 2030కల్లా సగానికి తగ్గించడం, 2050కి నికర శూన్యానికి చేర్చడం దాని లక్ష్యాలు. పదహారు లక్షలు దాటిన జనాభా గల నగరంలో ఆ పని ఉత్తర్వులతో నెరవేరుతుందా, పడవలెక్కి వచ్చి మొక్కలు నాటినవారి వంటి ప్రజలతోనా అన్న ప్రశ్నకు జవాబు, నగరం ఎదుట ఉన్న దీవులలోనే వెతకవచ్చు.