సమాధానం

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. ఆ షట్టర్ల ముందే ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. బేరాల కేకలు, ఆటోల హారన్లు, ఆ సందడి మధ్యలోంచే బైబిలు చంకన పెట్టుకుని చర్చికి వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు. ఒక దిక్కున సెయింట్ జార్జ్ చర్చి, ఇంకో దిక్కున గన్‌ఫౌండ్రీ కెథడ్రల్. తెలుగు విశ్వాసుల్లో ఎవరినైనా ఆపి బాగున్నారా అని అడగండి. చాలామంది నోట వచ్చే జవాబు ఇదే: "సమాధానంగా ఉన్నామండీ."

మొదటిసారి విన్నప్పుడు ఆ మాట నాకు అర్థం కాలేదు. మనకు సమాధానం అంటే జవాబు. తెలుగు బైబిల్లో మాత్రం సమాధానం అంటే శాంతి. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నా, నెత్తిన అప్పు ఉన్నా, పిల్లవాడికి ఉద్యోగం రాకపోయినా సమాధానంగా ఉన్నామని చెప్పేవాళ్లను చూశాక, అది మర్యాదకు అనే మాట కాదని తెలిసింది. ఆ మాటను బతికి చూపించిన ఒక మనిషి కథ ఇది. ఆయన తెలుగువాడు కాదు. అయినా నిద్రిస్తున్నది ఇక్కడికి దగ్గర్లోనే, నారాయణగూడలో.

1933 ఏప్రిల్ 6. బొంబాయి రేవు.

ఓడ దిగినవాళ్లలో ముప్పైకి దగ్గరపడిన యువకుడు ఒకడున్నాడు. పేరు భక్త్ సింగ్ ఛాబ్రా. పంజాబ్‌లో జోయియా అనే ఊరు అతనిది. ఇల్లు వదిలి ఆరేళ్లు దాటింది. లండన్‌లో ఇంజినీరింగ్, కెనడాలో వ్యవసాయ ఇంజినీరింగ్ చదివి వస్తున్న కొడుకును చూసుకోవడానికి అమ్మానాన్నలు బొంబాయి దాకా వచ్చారు. కానీ పెద్ద చదువులు చదివిన కొడుకు వస్తున్నాడన్న సంబరంతో పాటు ఒక భయాన్నీ మోసుకొచ్చారు. తాను క్రీస్తును నమ్ముకున్నానని కొడుకు కెనడా నుంచి ముందే ఉత్తరం రాశాడు. తండ్రి ఆ సంగతి బంధువుల చెవిన పడకుండా దాచి ఉంచాడు.

ఆయన అడిగింది పెద్ద కోరికేమీ కాదు. నీ బైబిలు నువ్వు చదువుకో, నీ చర్చికి నువ్వు వెళ్లు, ఎవరూ అడ్డం రారు, ఈ విషయం మాత్రం నలుగురిలో బయటపెట్టకు, వంశం పరువు నిలబెట్టు. అంతే. బిడ్డను పోగొట్టుకోవడం ఇష్టంలేని ఏ తండ్రయినా అడిగేదే. నిజానికి ఆ తండ్రి తన శక్తికి మించి దిగివచ్చాడనే నాకనిపిస్తుంది.

తల్లికి ఇంకో గాయం ఉంది. కొడుకును సీమకు పంపడానికి ఇంట్లో ఒప్పుకోని రోజుల్లో అతని వైపు నిలబడింది ఆవిడే. మతం మారనని మాట ఇస్తేనే పంపిస్తానంది. అతను మాట ఇచ్చాడు. ఆ మాట ఇచ్చేటప్పుడు అతని మనసులో అబద్ధం లేదు. క్రైస్తవం అంటే అతనికి అంత అయిష్టం. మిషన్ బడిలో చదువుకున్న రోజుల్లో బహుమతిగా వచ్చిన బైబిలు పేజీలను చించి పారేశాడు. అట్ట తోలుది, అందంగా ఉందని దాన్నొక్కటే ఉంచుకున్నాడు.

మరి మాట తప్పేలా చేసిందేమిటి? దానికి కొన్నేళ్లు వెనక్కి వెళ్లాలి.

లండన్‌లో అతనికి కొరతేమీ లేదు. జుట్టు కత్తిరించాడు, గడ్డం తీసేశాడు, సిగరెట్ పట్టాడు, యూరప్ తిరిగాడు, నాటకశాలలు చూశాడు. లోపల వెలితి మాత్రం పోలేదు. 1928లో కెనడాకు వెళ్తున్న ఓడలో, భోజనశాలలో జరిగిన ఆరాధనకు మర్యాద కోసం వెళ్లి కూర్చున్నాడు. అందరూ మోకరించేసరికి లేచి పోదామనుకున్నాడు. నా దేశం, నా మతం, నా తెలివి అని అహం తన్నుకొచ్చింది. అయితే బయటికి పోవాలంటే పక్కనున్నవాళ్లను దాటాలి. అది బాగుండదని తనూ మోకరించాడు. తన జీవితం మలుపు తిరగడం అక్కడే మొదలైందని తర్వాత ఎన్నో సాక్ష్యాల్లో చెప్పుకున్నాడు.

1929 డిసెంబరు. కెనడాలోని విన్నిపెగ్. బయట ఎడతెగని మంచు. ఒక స్నేహితుణ్ని బైబిలు ఇమ్మని అడిగితే జేబులో పట్టే కొత్త నిబంధన ఇచ్చాడు. ఆ రాత్రి తెల్లవారుజాము మూడింటి దాకా చదివాడు. మర్నాడు మంచం దిగకుండా చదివాడు. డిసెంబరు 16 పొద్దున యోహాను సువార్త మూడో అధ్యాయానికి వచ్చాడు. నీకొదేము అనే పెద్దమనిషి రాత్రిపూట ప్రశ్నలు మోసుకుని యేసు దగ్గరికి వచ్చే ఘట్టం అది. ఆ పెద్దమనిషితో యేసు నిశ్చయంగా చెబుతున్నానంటూ నొక్కి పలికే చోట భక్త్ సింగ్ ఆగిపోయాడు. ఆ మాట తనతోనే అన్నట్టు తోచింది. గుండె దడదడలాడింది, ఒళ్లు వణికింది. ఒకప్పుడు చించేసిన పేజీలే ఇప్పుడు చేతిలో ఉన్నాయి. పాపాలు ఒప్పుకుని ఏడ్చాడు. ఏడుపు అయ్యాక లోపల సంతోషం, నెమ్మది నిండాయి. అప్పుడు టైము పదకొండున్నర. ఆ గడియను చివరిదాకా గుర్తుపెట్టుకున్నాడు.

రెండేళ్ల తర్వాత, 1932 ఫిబ్రవరి 4న వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. దేవుని సేవకు పిలుపు వచ్చినప్పుడు తనకు తాను కట్టుబాట్లు పెట్టుకున్నాడు. పంజాబ్ ఆస్తి మీద హక్కు వదులుకోవాలి, ఏ మిషన్‌లోనూ చేరి జీతం తీసుకోకూడదు, తన అవసరాలు మనుషులకు చెప్పుకోకూడదు.

ఇంత జరిగాక బొంబాయి వచ్చినవాడు తండ్రికి ఏం చెప్పగలడు? ఊపిరి పీల్చకుండా బతకమంటే బతకగలనా, క్రీస్తే నా ప్రాణమైనప్పుడు ఆయన్ని దాచి ఎలా బతకను అన్నాడు. అమ్మానాన్నలు అతన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. ఉన్నవాళ్ల ఇంట పుట్టిన బిడ్డ ఆ రోజు బొంబాయిలో ఇల్లు లేనివాడయ్యాడు.

నేను ఎక్కువసేపు ఆగిపోయేది ఇక్కడే. మనం శాంతి గురించి ఎలా అనుకుంటాం? అప్పు తీరనీ, పిల్ల పెళ్లి కానీ, కోర్టు కేసు తేలనీ, అప్పుడు మనసుకు నెమ్మది అనుకుంటాం. ఇతని విషయంలో నెమ్మది ముందే వచ్చింది, కష్టాలు ఆ తర్వాత వచ్చాయి. ఇల్లు పోయింది, ఆస్తి పోయింది, తల్లి దగ్గర మాట పోయింది. ఇంగ్లండ్‌లో అన్నీ ఉన్ననాడు లేని సమాధానం ఏమీ లేనినాడు ఉంది. విశ్వాసం కష్టాలను తీసేస్తుందని బోధించేవాళ్లు ఈ బొంబాయి రోజును ఒకసారి తలుచుకోవాలి.

అక్కడి నుంచి కథ వేగంగా నడుస్తుంది. బొంబాయి, కరాచీ వీధుల్లో సువార్త చెప్పాడు. పంజాబ్‌లో ఉజ్జీవం, తర్వాత మద్రాసు. 1941లో పల్లావరం కొండ మీద తోటివారితో రాత్రంతా ప్రార్థనలో గడిపాక మద్రాసులో 'యెహోవా షమ్మా' అనే విశ్వాసుల సంఘం మొదలైంది. 1950ల నుంచి హైదరాబాద్ ఆయన ఊరయింది. గోల్కొండ చౌరస్తా దగ్గరి 'హెబ్రోను' అనే ఆరాధన మందిరమే ఆయన ఇల్లయింది. బొంబాయిలో ఇల్లు పోగొట్టుకున్న పంజాబీకి ఇల్లిచ్చింది తెలుగు నేల.

హెబ్రోను సభల గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చోవడం. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. 'సీయోను గీతములు' పుస్తకంలోంచి పాటలు. ఆరాధన అయ్యాక అందరికీ ఒకే వంట, ఒకే వరుస. దాన్ని ప్రేమవిందు అంటారు. ఊళ్లో బావి దగ్గరికి రానివ్వని కులం మనిషి, ఆ బావి యజమాని కులం మనిషి ఒకే చాప మీద కూర్చుని ఒకే అన్నం తిన్నారు. సాటి మనిషి ముందు తల వంచుకుని బతికినవాడికి తల ఎత్తుకుని కూర్చునే చోటు దొరికింది. అదీ సమాధానమే. ఒక మనిషి గుండెలో పుట్టింది వేలమంది విస్తళ్లలోకి వచ్చింది.

ఇక చివరి పరీక్ష. మోకాళ్ల మీద ఉండి బైబిలు చదవడం, గంటల తరబడి ప్రార్థించడం ఆయన జీవితకాలపు అలవాటు. పార్కిన్‌సన్స్ జబ్బు ఆ మోకాళ్లను, ఆ గొంతును లాగేసుకుంది. విన్నిపెగ్‌లో వాక్యం ముందు వణికిన దేహమే ఇప్పుడు హెబ్రోనులో జబ్బుతో వణికింది. దేశాలు తిరిగిన మనిషి ఏళ్ల తరబడి మంచాన ఉన్నారు. తోటి విశ్వాసులు కన్నబిడ్డల్లా సేవ చేశారు. ఏమీ చేయలేని స్థితిలో ఉన్న ఆ మనిషిని చూడటానికే జనం వచ్చేవాళ్లు. ప్రసంగం లేదు, పాట లేదు. అయినా వచ్చేవాళ్లు.

2000 సెప్టెంబరు 17, ఆదివారం తెల్లవారి ఆయన కన్నుమూశారు. వయసు 97. హైదరాబాద్ అప్పటికింకా ఆగస్టు 24 నాటి కుండపోత నుంచి తేరుకుంటోంది. ఆ ఒక్కరోజే బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడింది. అలాంటి నగరానికి ఊళ్ల నుంచి జనం తరలివచ్చారు.

అంత్యక్రియలు 22న, శుక్రవారం జరిగాయి. హెబ్రోను నుంచి నారాయణగూడ శ్మశానవాటిక దాకా జనసముద్రం. రెండున్నర లక్షల మంది అని ఆయన అనుచరులు చెబుతారు. దారి పొడుగునా పాటలు. పరువు పోతుందని బొంబాయిలో కన్నవాళ్లు వదిలేసి వెళ్లిన కొడుకు వెనుక ఆ రోజు ఊళ్లకు ఊళ్లు నడిచాయి.

ఆదివారం అబిడ్స్‌లో పుస్తకాలు ఏరుకున్నాక కాస్త తీరిక ఉంటే, హిమాయత్‌నగర్ మీదుగా నారాయణగూడ దాకా వెళ్లిరండి. మీరు ఏ మతం వారైనా సరే, ఆ సమాధి దగ్గర రెండు నిమిషాలు నిలబడండి. తిరిగి వచ్చేటప్పుడు ఎదురైన విశ్వాసి ఎవరైనా సమాధానంగా ఉన్నానంటే, ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి.